సిగరెట్టు ఫిల్టరు తయారీ

సిగరెట్టు ఫిల్టరు అనగా సిగరెట్టుకు నోటి వైపు కొసన అమర్చే మెత్తని తెల్లని ముక్క. చూపులకు దూదిలా కనిపించినా ఇది దూది కాదు. నేడు ప్రపంచంలో వాడుకలో ఉన్న ఫిల్టర్లలో అత్యధిక భాగం సెల్యులోజ్ ఎసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ పోగులతో చేసినవే. ఈ పోగులను వడకరు, నేయరు. పక్కపక్కన చేర్చి, ఒకదానికొకటి తగిలిన చోటల్లా అతుక్కునేలా చేస్తారు. అందువలన వీటిని బంధిత పోగుల ఫిల్టర్లు అని పిలువవచ్చును. స్కెచ్ పెన్ను విప్పినప్పుడు లోపల కనిపించే సిరా పట్టిన పీచు కడ్డీ కూడా ఈ కుటుంబానికే చెందినది.

ఫిల్టరు ఉన్న సిగరెట్టు లేనిదానికంటే సురక్షితమైనదన్న నమ్మకం ప్రజలలో బలంగా ఉన్నది. ఫిల్టరు ఎలా తయారవుతుందో, పొగలో దేనిని ఆపుతుందో, దేనిని ఆపలేదో తెలుసుకుంటే ఆ నమ్మకానికి ఎంత ఆధారం ఉన్నదో అర్థమవుతుంది.

ఆంధ్రదేశంతో సంబంధం

కృష్ణా నదికి ఇరువైపులా ఉన్న గుంటూరు, కృష్ణా ప్రాంతాలు పొగాకుకు పేరుపొందినవి. 1910లో కలకత్తాలో ఏర్పడిన ఇంపీరియల్ టొబాకో కంపెనీ (నేటి ఐటీసీ) 1912లో గుంటూరు ప్రాంతంలో ఆకు సేకరణకై ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని నెలకొల్పింది. స్థానికులు దీనిని ఐ.ఎల్.టి.డి. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. చీరాలలోని ఆ సంస్థ ఆకు కర్మాగారం కోస్తా ప్రజలకు సుపరిచితం. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడినవి.

అయితే ఇక్కడి పాత అలవాటు చుట్టయే గాని సిగరెట్టు కాదు. లంక పొగాకుతో చుట్టిన చుట్టకు ఫిల్టరు ఉండదు. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చే పద్ధతి ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. ఇది అంగిలి క్యాన్సరుకు దారి తీస్తుందని వైద్య పరిశోధనలు తెలిపినవి.

సిగరెట్టులోనూ ఫిల్టరు మొదటి నుండి లేదు. 1930లో హైదరాబాదులో స్థాపించబడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ వారి చార్మినార్ ఎన్నో దశాబ్దాలు ఫిల్టరు లేని సిగరెట్టుగానే దేశమంతటా అమ్ముడయ్యింది. 1960ల నుండి పత్రికలలో ఫిల్టరు సిగరెట్ల ప్రకటనలు జోరందుకున్నవి. పొగాకుకు ఫిల్టరు చక్కగా జోడీ కుదిరిందని ఒక ప్రసిద్ధ ప్రకటన చెప్పేది, దానికి తగినట్లు బొమ్మలో అందమైన జంటను చూపేది. ఆ తరువాత ఎక్సైజు సుంకం కూడా సిగరెట్టు పొడవును, ఫిల్టరు ఉన్నదీ లేనిదీ చూసి వేర్వేరు శ్లాబులుగా విధించడం మొదలైనది. ఆకు కోస్తా జిల్లాలదైనా దానికి తొడిగే ఫిల్టరు మాత్రం వేరొక పరిశ్రమకు చెందినది. దేశంలో ఫిల్టరు కడ్డీలు తయారుచేసే ప్రధాన సంస్థలలో ఒకటైన ఐటీసీ ఫిల్ట్రోనా బెంగళూరులో ఉన్నది.

ముడిసరుకు

ఫిల్టరుకు మూలం చెట్టే. కలప గుజ్జులోని సెల్యులోజును ఎసిటిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌లతో, కొద్దిపాటి గంధకామ్లం సమక్షంలో చర్య జరిపిస్తారు. ఫలితంగా వచ్చే తెల్లని రేకుల వంటి పదార్థమే సెల్యులోజ్ ఎసిటేట్. చెట్టు నుండి పుట్టినదే అయినా ఈ మార్పు తరువాత దానిని సూక్ష్మజీవులు సులభంగా తినలేవు. ఫిల్టరు ప్రకృతిసిద్ధమైన పదార్థమని చెప్పేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

ఈ రేకులను ఎసిటోన్‌లో కరిగిస్తే తేనె వంటి చిక్కని ద్రవం తయారవుతుంది. దానిని వడగట్టి, సన్నని రంధ్రాలున్న లోహపు బిళ్ళల గుండా ఒత్తిడితో వదులుతారు. మన ఇళ్ళలో జంతికల గొట్టం పనిచేసే తీరూ ఇదే. వేడి గాలి తగలగానే ఎసిటోన్ ఆవిరై గట్టి పోగులు మిగులుతాయి. ఆవిరైన ఎసిటోన్‌ను పట్టి మళ్ళీ వాడుకుంటారు. రంధ్రాలు త్రికోణాకారంలో ఉండటం వలన పోగు అడ్డుకోత ఆంగ్ల అక్షరం వై ఆకారంలో ఉంటుంది. గుండ్రని పోగు కంటే దీనికి ఉపరితలం ఎక్కువ, కనుక పొగ కణాలు తగిలే చోటూ ఎక్కువే.

వేలకొద్దీ పోగులను ఒక పట్టీగా చేర్చి, ఇరుకైన పెట్టెలోకి కుక్కి ముడతలు పడేలా చేస్తారు. ఈ ముడతల పట్టీని టో అంటారు. దాని సన్నదనాన్ని డెనియర్లలో కొలుస్తారు. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఒక్కొక్క పోగు 3 డెనియర్లు, మొత్తం పట్టీ 35,000 డెనియర్లు ఉన్న రకాన్ని ఉదాహరణకు తీసుకుంటే, భాగించి చూడగా అందులో సుమారు 11,700 పోగులున్నట్లు తేలుతుంది. అంటే ఒక మామూలు ఫిల్టరు ముక్కలో పదివేలకు పైగా పోగులుంటాయి. ఈస్ట్‌మన్, సెలనీస్, దైసెల్ వంటి కొద్ది సంస్థలే ప్రపంచంలో ఈ టోను పెద్ద ఎత్తున తయారుచేస్తాయి.

కడ్డీ తయారీ

బేళ్ళలో వచ్చిన టోను యంత్రం పైకి లాగుతుంది. మొదట గాలి జెట్లు, తరువాత వేర్వేరు వేగాలతో తిరిగే గాడుల రోలర్లు పట్టీని వెడల్పుగా విప్పుతాయి. ముడతలు ఒకదానికొకటి కలవకుండా జరిగి, పట్టీ పొంగి, ఏకిన దూదిలా తయారవుతుంది. ఈ దశలో దాని మీద ట్రయాసిటిన్ అనే ద్రవాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. టో బరువులో ఇది సాధారణంగా పదవ వంతు లోపే ఉంటుంది.

ఫిల్టరుకు గట్టిదనం ఇచ్చేది ఈ ట్రయాసిటినే. ఇది జిగురు కాదు. పోగు ఉపరితలాన్ని కొద్దిగా మెత్తబరుస్తుంది. మెత్తబడిన రెండు పోగులు తాకిన చోట ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కొన్ని గంటలలో ట్రయాసిటిన్ పోగు లోపలికి ఇంకిపోయి అతుకు గట్టిపడుతుంది. పోగుల మధ్య ఖాళీలు మాత్రం అలాగే నిలుస్తాయి. ద్రవం తక్కువైతే కడ్డీ వేళ్ళ మధ్య నలిగిపోతుంది. ఎక్కువైతే పోగులు కరిగి లోపల గుంటలు పడతాయి.

ద్రవం చల్లిన పట్టీని గరాటు వంటి భాగంలోకి లాగి గుండ్రని తాడుగా కుదించి, దాని చుట్టూ కాగితం చుట్టి, అంచును వేడి జిగురుతో అతికిస్తారు. నిమిషానికి కొన్ని వందల మీటర్ల వేగంతో సాగే ఈ తాడును తిరిగే కత్తి సమాన పొడవులుగా కోస్తుంది. కడ్డీ చుట్టుకొలత, బరువు, గాలి ప్రవాహానికి అది కలిగించే నిరోధం వెంటవెంటనే కొలవబడతాయి. నిరోధాన్ని నీటిమట్టం మిల్లీమీటర్లలో చెబుతారు. ఒక కడ్డీకి మరొక కడ్డీకి ఈ అంకె మారితే పొగ పీల్చేవాడికి తేడా తెలిసిపోతుంది. నాణ్యత పరీక్షలో అసలు పట్టింపు ఇక్కడే.

120 మి.మీ. కడ్డీ అయితే దాని నుండి 20 మి.మీ. ఫిల్టర్లు ఆరు వస్తాయి. కానీ సిగరెట్టు యంత్రం వాటిని విడివిడిగా కోయదు. 40 మి.మీ. జంట ముక్కలుగా కోసి, ప్రతి జంట ముక్కకు ఇరువైపులా ఒక్కొక్క పొగాకు కడ్డీని ఆనించి, మధ్యలో కార్కు రంగు కాగితం చుట్టి, అప్పుడు నడిమికి కోస్తుంది. ప్రతి సిగరెట్టూ ఆ విధంగా కవలలలో ఒకటిగా పుడుతుంది.

ద్రవానికి బదులు వేడితో అతికించే పద్ధతి కూడా ఉన్నది. ఇందులో ఒక్కొక్క పోగు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఎక్కువ వేడికి గాని కరగని పాలిస్టరు వంటిది, పైపొర తక్కువ వేడికే కరిగే పాలిథిలీన్ వంటిది. ఆవిరి లేదా వేడి గాలి తగిలినప్పుడు పైపొర మాత్రమే కరిగి పోగులను కలుపుతుంది. ఇలా చేసిన కడ్డీకి చుట్టూ కాగితం అవసరం లేదు, ఆకారం చెడదు. పెన్నుల సిరా కడ్డీలు, కొన్ని వైద్య పరికరాలలోని వత్తులు ఈ పద్ధతిలో తయారవుతాయి. సిగరెట్టులో మాత్రం రుచి కారణంగా ఎసిటేటుదే పైచేయి.

పొగను ఎలా పట్టుతుంది

ఫిల్టరు జల్లెడ కాదు. పైన చెప్పిన 3 డెనియర్ల పోగు మందం సుమారు 18 మైక్రాన్లు. పొగలోని తారు కణాల పరిమాణం ఎక్కువగా ఒక మైక్రాను లోపే. పోగుల మధ్య సందులు ఆ కణాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఒంపులు తిరిగే దారిలో మలుపు తిరగలేక గుద్దుకున్నవి, పోగును రాసుకుంటూ పోయినవి, అటూ ఇటూ చలిస్తూ వచ్చి తగిలినవి మాత్రమే అంటుకుంటాయి. మిగిలినవి దాటిపోతాయి. ఎసిటేటు ఫీనాల్ వంటి కొన్ని పదార్థాలను అధికంగా పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను దాదాపు ఏమీ ఆపలేదు.

భద్రత అనే భ్రమ

1925లో బోరిస్ ఐవాజ్ అనే హంగేరీ దేశస్థుడు ముడతల కాగితంతో ఫిల్టరు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. చాలా కాలం ఫిల్టరుకు అంతగా గిరాకీ లేదు. పొగాకు తారు పూసిన ఎలుకల చర్మంపై క్యాన్సరు గడ్డలు ఏర్పడినవని 1953లో అమెరికాలో ప్రకటించిన తరువాత కంపెనీలన్నీ ఫిల్టర్ల వెంట పడ్డాయి.

ఆ రోజులలోని అతి విషాదకరమైన ఉదాహరణ కెంట్ అనే సిగరెట్టు. 1952 నుండి 1956 వరకు దాని ఫిల్టరులో నీలి ఆస్‌బెస్టాస్ వాడారు. ఆరోగ్యానికి రక్షణ అని ప్రకటించిన ఆ ఫిల్టరును మసాచుసెట్స్‌లోని ఒక కర్మాగారంలో తయారుచేశారు. 1953లో అక్కడ పనిచేసిన 33 మంది కార్మికుల గురించి 1989లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, వారిలో అప్పటికి 28 మంది మరణించారు. సాధారణ లెక్కన ఎనిమిది మంది మరణించి ఉండవలసినది. చాలా మరణాలకు ఆస్‌బెస్టాస్ సంబంధిత వ్యాధులే కారణం.

1953లోనే ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ శాస్త్రవేత్త క్లాడ్ టీగ్ ఒక సంగతి ప్రస్తావించాడు. పొగ తగిలినప్పుడు రంగు మారే పదార్థాన్ని ఫిల్టరులో చేరిస్తే దాని సామర్థ్యం పెరగకపోయినా, అమ్మకాలకు మేలని అతని భావం. తెల్లని ఫిల్టరు గోధుమ రంగుకు తిరగడం చూసి విషమంతా అక్కడే ఆగిపోయిందని నమ్మే పొగరాయుళ్ళు నేటికీ ఎందరో ఉన్నారు.

తరువాత ఫిల్టరు కాగితానికి సన్నని రంధ్రాలు పెట్టారు. నిమిషానికి ఒకసారి 35 మి.లీ. చొప్పున పీల్చే ప్రయోగశాల యంత్రంలో ఆ రంధ్రాల గుండా గాలి చేరి, తారు అంకె తగ్గుతుంది. మనిషి మాత్రం వేళ్ళతో, పెదవులతో ఆ రంధ్రాలను మూస్తాడు. నికోటిన్ చాలకపోతే మరింత లోతుగా, మరిన్ని సార్లు పీలుస్తాడు. 2001లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ ప్రచురించిన నివేదిక, తక్కువ తారు సిగరెట్ల వలన ప్రజారోగ్యానికి మేలు జరిగినట్లు ఆధారాలు లేవని తేల్చింది. 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక మరొక అడుగు ముందుకు వేసింది. 1950ల నుండి సిగరెట్ల నిర్మాణంలో వచ్చిన మార్పుల వలన ఊపిరితిత్తులలో ఎడినోకార్సినోమా అనే రకం క్యాన్సరు ముప్పు పెరిగిందని అందులో పేర్కొన్నారు.

పీకలు - డెల్టా కాలువలు

కాల్చి పారేసిన ఫిల్టరును వాడుకలో పీక అంటారు. వాన కురిసినప్పుడు వీధిలోని పీకలు మురుగు కాలువలోకి, అక్కడి నుండి పెద్ద నీటివనరులలోకి చేరతాయి. విజయవాడ నగరం మధ్య నుండి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ప్రవహిస్తాయి. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ నుండి ఈ కాలువలు డెల్టాకు నీరిస్తాయి. ఇవి పంటలకే పరిమితం కావు. దిగువ గ్రామాల మంచినీటి చెరువులు నిండేది, కైకలూరు వైపు చేపల చెరువులకు నీరందేది కాలువల వలననే.

కాల్చిన ఫిల్టరులో పట్టుబడిన నికోటిన్, లోహాలు, ఇతర రసాయనాలు నీటిలోకి దిగుతాయి. 2011లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో, లీటరు నీటికి సుమారు ఒక పీక చొప్పున నానబెట్టిన నీటిలో నాలుగు రోజులలో సగం చేపలు చనిపోయాయి. పారే కాలువలో నీరు ఎక్కువ కనుక ఆ లెక్క నేరుగా వర్తించదు. నిలువ ఉన్న గుంటలు, వేసవిలో అడుగంటిన కాలువలు, చిన్న చెరువుల సంగతి వేరు. కాలువలు కట్టివేసిన రోజులలో పూడిక తీసేటప్పుడు సీసాలు, సంచులు కంటికి కనిపిస్తాయి, ఏరవచ్చు. పీకలోని పోగులు విడిపోయి ఒండ్రులో కలిస్తే ఏరడం సాధ్యం కాదు.

కాగితంతో చేసిన ఫిల్టర్లు ఎసిటేటు కంటే త్వరగా చివుకుతాయి. అయితే పట్టుబడిన విషాలు వాటి నుండి కూడా నీటిలోకి దిగుతాయి. భారతదేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం కింద 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగడం నిషేధించబడినది. 2016 ఏప్రిల్ నుండి పెట్టె ముఖభాగాలలో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు తప్పనిసరి అయినవి. ఆ హెచ్చరికలు ఫిల్టరు ఉన్న సిగరెట్టుకూ లేని సిగరెట్టుకూ ఒక్కటే.