నాటు మడిలో ఆడవాళ్ల ఓపిక

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా, ఇటు సూర్యాపేట పల్లెల్లోనూ నాట్ల సందడి మొదలవుతుంది. ఒక చేతిలో నారు కట్ట. రెండో చేతి వేళ్లు రెండు మూడు మొక్కలు విడదీసి బురదలో గుచ్చుతాయి, కాలు ఒక అడుగు వెనక్కి పడుతుంది. పొద్దున వంగిన నడుము పొద్దుగూకే దాకా అదే పని మీద ఉంటుంది. ఇంత ఓపిక ఎలా వచ్చిందంటే ‘అలవాటే బిడ్డా’ అంటారు మన అమ్మలు. ఆ అలవాటు ఒంట్లో ఎక్కడ కుదురుకుంటుందో శాస్త్రం కొంతవరకు చెప్పగలదు.

వెన్నుపాము నుంచి బయల్దేరే ఒక చాలక నాడీకణం, దాని కొమ్మలు అందుకునే కండరపు పోగులు కలిస్తే ఒక మోటార్ యూనిట్. తూము ఎత్తితే దాని కింది మడులన్నిటికీ నీరు పారినట్టు, నాడి సంకేతం పంపితే దాని పోగులన్నీ ఒక్కసారే బిగుస్తాయి. పని తేలికైతే చిన్న యూనిట్లు ముందు కదులుతాయి, బరువు పెరిగేకొద్దీ పెద్దవి తోడవుతాయి. ఈ వరుసను శాస్త్రవేత్త ఎల్వుడ్ హెన్నెమన్ బృందం 1965లో వివరించింది. చిన్న యూనిట్ల పోగులు నెమ్మదిగా బిగుస్తాయి కానీ తొందరగా అలసిపోవు. గంటల తరబడి సాగే పని భారం ఎక్కువగా మోసేది ఇవే.

సగటున చూస్తే ఆడవాళ్ల తొడ కండరాల్లో ఈ నిదానపు పోగుల వాటా మగవాళ్లలో కంటే ఎక్కువ. ఎవరి బలంలో వాళ్లు ఒకే శాతం వాడి, కండరాన్ని బిగించి ఉంచమంటే సాధారణంగా ఆడవాళ్లే ఎక్కువసేపు నిలబడతారు.

నడక, పరుగు, సైకిల్ వంటి సాధన వారాల తరబడి సాగితే కండరంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. నాడి తీరు కూడా మారుతుంది. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరు వారాల సైకిల్ సాధన తర్వాత, మునుపటంత శాతం బలానికే మోటార్ యూనిట్లు తక్కువ వేగంతో సంకేతాలు పంపాయి. అయితే అందులో పాల్గొన్నవాళ్లంతా మగవాళ్లే. ఈ రంగంలో ఆడవాళ్ల మీద జరిగిన కొలతలు ఇప్పటికీ తక్కువ. వాళ్ల ఓపిక మీద బతికిన మనకు ఇది పట్టాల్సిన విషయం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. శ్రమ వేరు, సాధన వేరు. సాధనలో బరువును కొద్దికొద్దిగా పెంచుతారు, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, తగిన తిండి ఉంటుంది. నాట్ల రోజుల్లో ఈ మూడూ దొరకవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. కండరానికి ఆక్సిజన్ మోసే రక్తమే పలచబడితే నాడి ఎంత నేర్చినా ఓపిక నిలవదు.

అరవై దాటాక చాలక నాడీకణాలు తగ్గుతూ వస్తాయి. నాడి పోయిన పోగులను పక్క నాడి కొమ్మ చాచి ఆదుకుంటుంది. కండరాన్ని వాడుతూ ఉండటం ఆ వయసులో బలం నిలుపుకోవడానికి మేలు. అందుకే ఊరు వదిలి వచ్చి కుర్చీల్లో పనిచేసే మన ఆడపడుచులు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలి, రెండు రోజులు బరువులూ ఎత్తాలి. ఊరికి సాయం చేసేటప్పుడు మనం రక్త పరీక్షలకు, ఐరన్ మాత్రలకు, ఆడపిల్లల ఆటస్థలాలకు ముందు డబ్బు కేటాయించాలి. మన చదువులకు ఫీజులు కట్టిన కష్టంలో మన అమ్మల నడుము నొప్పీ ఉంది.