గొంతునొప్పి గుండెదాకా పోతుంది

గుండెజబ్బు అనగానే కొవ్వు, బీపీ, షుగరు గుర్తొస్తాయి. వయసు మళ్లినవాళ్ల జబ్బు అనుకుంటాం. బడికి పోయే పిల్లలకు వచ్చే గుండెజబ్బు ఇంకొకటి ఉంది. దాని పేరు రుమాటిక్ గుండెజబ్బు. అది మొదలయ్యేది గొంతులో.

స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతుకు సోకుతుంది. నాలుగు రోజుల్లో నొప్పి తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్లవాపు వస్తాయి. ఈరోజు మోకాలు, రెండ్రోజులకు చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత కీళ్ల మీద, గుండె మీద పడుతుంది. కీళ్లు బాగవుతాయి. గుండె వాల్వు మాత్రం మచ్చపడి గట్టిపడుతుంది. మళ్లీ సోకిన ప్రతిసారీ ఇంకాస్త చెడుతుంది. ఇరవై ఏళ్లకు ఆయాసం, తొలి కాన్పులో ప్రాణగండం. చాలామందికి జబ్బు ఉన్నట్టు తెలిసేది అప్పుడే.

ఇది రక్తంలో వచ్చే కులజబ్బు కాదు. ఇరుకులో పుట్టే జబ్బు. యూరప్, అమెరికాల్లో పెన్సిలిన్ రాకముందే ఇళ్లు, బతుకులు మెరుగుపడి ఇది తగ్గడం మొదలైంది. మరి మన సంగతి? మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వైపు వాడల్లో ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే ఇళ్లున్నాయి. హాస్టల్ హాల్లో పిల్లలు పక్కపక్కనే పడుకుంటారు. ఒకరి దగ్గు పదిమందిది.

మందు కొత్తదేమీ కాదు. గొంతు ఇన్ఫెక్షన్‌కు పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చని 1950 నాటికే అమెరికా సైనికుల్లో రుజువైంది. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు ఇచ్చినా పనిచేస్తుంది. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి బెంజథైన్ పెన్సిలిన్ సూది వేయాలి. గుండెకు తగలకపోతే కనీసం ఐదేళ్లు, తగిలితే కనీసం పదేళ్లు, వాల్వు బాగా చెడితే జీవితాంతం. సూది నొప్పి బాగా ఉంటుంది. అలర్జీ భయంతో వేయడానికి వెనకాడే డాక్టర్లూ ఉన్నారు. ప్రాణం మీదికొచ్చే అలర్జీ అరుదు. దానికి సిద్ధంగా ఉండాలే తప్ప సూదే మానేయకూడదు.

ఒక జాగ్రత్త. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వి. ప్రతిదానికీ మందుల షాపులో అజిత్రోమైసిన్ కొని మింగడం ఇక్కడ చెప్పే వైద్యం కాదు. పెద్దవాళ్ల గుండెపోటుకూ ఇన్ఫెక్షనే కారణమా అని కూడా వెతికారు. నాలుగు వేల మందికి పైగా గుండెరోగుల్లో సగం మందికి ఏడాది పాటు అజిత్రోమైసిన్ ఇచ్చి చూశారు. లాభం లేదని 2005లో తేలింది.

మన దగ్గర అసలు చిక్కు వలస. వర్షం లేని ఏడు పిల్లలతో సహా మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు హైదరాబాద్ పోతాం. మార్కాపురంలో మొదలుపెట్టిన సూది ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది. వాల్వు చెడిపోయాక ఆపరేషన్‌కు 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఉంది. అది కావాలి, వద్దనడం లేదు. కానీ లోహపు వాల్వు వేశాక బతికినంతకాలం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మింగాలి, మాటిమాటికీ రక్తపరీక్ష చేయించుకోవాలి. కూలికి పోయే ఆడమనిషికి అది, అందులోనూ గర్భంతో, ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. లక్షలు పోసి వాల్వు మార్చే ప్రభుత్వం చౌక సూది మీద చూపు పెట్టకపోవడం మాకు అర్థం కాదు.

బడిపిల్లల ఆరోగ్య తనిఖీకి 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే పథకం జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. కాబట్టి అడిగే హక్కు మనకుంది. విద్యార్థి మిత్రులు సమాచార హక్కు కింద ఇవి అడగండి: గత ఏడాది మన గురుకులాల్లో, హాస్టళ్లలో ఎంతమంది పిల్లల గుండెకు స్టెతస్కోప్ పెట్టి చూశారు? అనుమానం వచ్చిన ఎంతమందికి ఎకో పరీక్ష చేయించారు? మార్కాపురం, గిద్దలూరు, కంభం ఆసుపత్రులకు ఎన్ని బెంజథైన్ పెన్సిలిన్ సీసాలు వచ్చాయి, ఎన్ని వాడారు? సూది మీద ఉన్న పిల్లల రిజిస్టర్ ఉందా? వలసపోయిన పిల్లకు తర్వాతి సూది వేరే ఊళ్లో వేయించుకోవడానికి చేతికి కార్డు ఇస్తున్నారా?