ఐదు గంటల దారి, రెండేళ్ల ఎడబాటు

మా సంఘములో ఒక చిన్నవాడు ఆదివార పాఠశాల ముగిశాక మమ్మల్ని ఆపి అడిగాడు. "మా అమ్మ రాత్రి పదింటికి హైదరాబాదులో విమానం ఎక్కి పన్నెండున్నరకు కువైట్‌లో దిగింది. అంటే రెండున్నర గంటలే గదండీ. మరి పోయినసారి వచ్చేటప్పుడు రాత్రి పదింటికి ఎక్కితే ఇక్కడ దిగేసరికి తెల్లవారి ఐదయింది. ఏడు గంటలెందుకు పట్టింది?" వాడు టిక్కెట్టు చూసి వేసిన లెక్క అది.

కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఆ తేడా సరిచేస్తే వెళ్లడానికి ఐదు గంటలు, రావడానికి నాలుగున్నర. శంషాబాద్ నుండి కువైట్ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. మిగిలిన ఆ అరగంట గాలి వలన. విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. పౌలు ఎక్కిన ఓడకు ఎదురుగాలి తగిలిన సంగతి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో చదివాము గదా. కువైట్ వెళ్లే విమానానికీ అదే కష్టం. వచ్చేటప్పుడు అదే గాలి వెనుకనుండి తోస్తుంది.

నిజం చెప్పాలంటే కడప నుండి హైదరాబాదుకు బస్సులో ఒక రాత్రంతా పడుతుంది. ఆకాశ ప్రయాణమే దానికంటే చిన్నది! అయినా ఆ తల్లి ఇంటికి వచ్చి రెండేళ్లు కావస్తోంది.

ఆమెను ఆపుతున్నది కిలోమీటర్లు కాదు. రెండేళ్ల ఒప్పందం, టిక్కెట్టు డబ్బు, యజమాని చేతిలోని పాస్‌పోర్టు. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికొక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనిచేసేవారి సమ్మతి లేకుండా వారి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. అన్ని ఇళ్లలోనూ ఇది అమలవుతుందని మేము అనము. కాని బయలుదేరే ముందే మన అక్కచెల్లెళ్లు ఈ సంగతి తెలుసుకొని ఉండాలి. ఏజెంటు చెప్పడు.

యుద్ధం వస్తే ఈ దారి ఇంకా పొడవవుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు విమానాశ్రయం మూతపడింది. మనవారు ఎడారి గుండా ఇరాక్ దాటి, జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడినుండి ఎయిరిండియా విమానాలలో బొంబాయికి వచ్చారు. అలా సుమారు 1,70,000 మంది భారతీయులు ఇల్లు చేరారు. ఐదు గంటల దారికి కొందరికి వారాలు పట్టింది.

ఇక ఇంటి వద్ద ఉన్నవారికి ఒక మాట. మనకు రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన వేళ. అక్కడ అప్పుడు సాయంత్రం ఐదున్నర. వంటింట్లో చేతినిండా పని. ఆమె పని ముగించి పదకొండింటికి ఫోను చేస్తే మనకు రాత్రి ఒంటిగంటన్నర. "ఫోను ఎత్తలేదు" అని ఇరువైపులా నొచ్చుకోవడం ఎన్ని ఇళ్లలో చూడలేదు!

అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఆ రోజు అనేక భాషల సంఘములు కూడుకుంటాయి, తెలుగువారు కూడా. ఆ చిన్నవాడి తల్లికి ఆ పూట సెలవు దొరుకుతోంది. అందుచేత వారింట్లో శుక్రవారం కుటుంబ ప్రార్థన ఏడింటికి మార్చుకున్నారు, అక్కడ నాలుగున్నర. ఫోను చాప మధ్యలో పెట్టుకొని, మొదటి పాట ఆమెనే ఎత్తుకోమంటారు.