అప్‌లోడ్ చేసిన పత్రాలు ఎక్కడ ఉండాలి? వెబ్ సర్వర్‌లో ‘డాక్యుమెంట్ రూట్’ కీలకం

ఆన్‌లైన్ దరఖాస్తుతో పాటు అభ్యర్థి పంపే ఆధార్ ప్రతి, మార్కుల జాబితా సర్వర్‌లోని ఏదో ఒక డైరెక్టరీలో చేరతాయి. అవి గోప్యంగా ఉంటాయా, లింకు తెలిసిన ఎవరికైనా తెరుచుకుంటాయా అన్నది చాలావరకు ఆ డైరెక్టరీ ఎక్కడ ఉందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

బయటివారికి అందించాల్సిన ఫైళ్ల కోసం ప్రతి వెబ్ సర్వర్‌లోనూ ఒక డైరెక్టరీని నిర్దేశిస్తారు. అపాచీలో దీనిని ‘డాక్యుమెంట్ రూట్’ అని, ఎన్‌జిన్‌ఎక్స్‌లో ‘రూట్’ అని వ్యవహరిస్తారు. బ్రౌజర్‌లో సైట్ పేరు తర్వాత కనిపించే మార్గాన్ని సర్వర్ ఈ డైరెక్టరీకి జతచేసి ఫైలును వెతుకుతుంది. దొరికితే సాధారణంగా నేరుగా పంపిస్తుంది. అప్లికేషన్‌లోని లాగిన్ తనిఖీ ఆ దారిలో ఎదురుపడదు. అందువల్ల లాగిన్ పేజీ ఎంత పటిష్ఠంగా ఉన్నా, పత్రాలు డాక్యుమెంట్ రూట్ లోపలే ఉంటే వాటికి రక్షణ లేనట్టే.

లారావెల్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లలో ‘పబ్లిక్’ అనే ఉపడైరెక్టరీని మాత్రమే రూట్‌గా చూపించాలి. తొందరలో ప్రాజెక్టు డైరెక్టరీ మొత్తాన్నీ చూపిస్తే, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైలు కూడా బయటపడే ప్రమాదం ఉంది. అపాచీలో ‘ఇండెక్సెస్’ ఆప్షన్ అమల్లో ఉండి, డైరెక్టరీలో ఇండెక్స్ ఫైలు లేకపోతే లోపలి ఫైళ్ల జాబితా అంతా తెరపై ప్రత్యక్షమవుతుంది. ఫైళ్లకు ఊహించలేని పేర్లు పెట్టి ఊరుకోవడం తాళం వేయకుండా తలుపు దగ్గరగా వేయడం వంటిదే.

రూట్ వెలుపల ఉన్న ఫైళ్లకూ కాపలా అవసరమని 2021 అక్టోబరులో వెలుగుచూసిన లోపం చాటింది. అపాచీ 2.4.49 వెర్షన్‌లో ప్రత్యేకంగా రూపొందించిన చిరునామాతో డాక్యుమెంట్ రూట్‌ను దాటి ఫైళ్లను చదవడం సాధ్యమైంది. సర్వర్‌లోని మిగతా డైరెక్టరీలన్నింటికీ ‘రిక్వైర్ ఆల్ డినైడ్’ నిబంధన ఉంచినవారికి ఈ ముప్పు తప్పింది. హడావుడిగా విడుదలైన 2.4.50లో సవరణ అసంపూర్ణంగా మిగలడంతో, కొద్ది రోజుల్లోనే 2.4.51 తీసుకురావాల్సి వచ్చింది.

అప్‌లోడ్ అయిన పత్రాలను రూట్ వెలుపల భద్రపరచి, కోరిన వ్యక్తికి అర్హత ఉందో లేదో అప్లికేషనే పరిశీలించి అందించడం సరైన పద్ధతి. ఆ డైరెక్టరీలో స్క్రిప్టులు నడవకుండా నిరోధించాలి. ‘పర్మిషన్ డినైడ్’ సందేశం రాగానే 777 అనుమతి ఇచ్చేయడం విస్తృతంగా కనిపించే పొరపాటు. దానివల్ల సర్వర్‌లోని ప్రతి యూజర్‌కూ ఫైళ్లను మార్చే అధికారం దక్కుతుంది. సర్వర్ ప్రక్రియ నడిచే యూజర్‌కు, అవసరమైన డైరెక్టరీలో మాత్రమే రాసే హక్కు ఇస్తే సరిపోతుంది.

వ్యక్తిగత డేటాకు తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించేందుకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వీలు కల్పిస్తోంది.

అమరిక మార్చాక సర్వర్‌ను రీలోడ్ చేసి, లాగిన్ కాని బ్రౌజర్‌లో ఒక పత్రం లింకును నేరుగా తెరిచి చూడాలి. 403 లేదా 404 రావాలి. పత్రమే తెరుచుకుంటే డైరెక్టరీ ఇంకా రూట్ లోపలే ఉందేమో ముందుగా పరిశీలించాలి.