మీకు తెలుసా? బోదకాలు పరీక్షకు రాత్రిపూటే రక్తం ఎందుకు తీసేవారు?

బోదకాలుకు ప్రధాన కారణం ఉకరేరియా అనే సన్నటి పురుగు. అది మన ఒంట్లోని శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ లక్షల కొద్దీ పిల్లల్ని కంటుంది. ఆ పిల్లపురుగులే మైక్రోఫైలేరియాలు. పగలు ఇవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోతాయి. రాత్రి పది దాటాక చర్మానికి దగ్గరి రక్తంలోకి పెద్దసంఖ్యలో వస్తాయి. వీటిని ఒకరి నుంచి మరొకరికి మోసే, మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే! పిల్లపురుగులు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది చీకటి పడ్డాక ఇంటికొచ్చి, వేలికొన సూదితో గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్కలు తీసుకునేవారు.

జీవశాస్త్ర పాఠాల్లో వచ్చే మూడు మాటలు ఇక్కడ సరిగ్గా సరిపోతాయి. పురుగు పరాన్నజీవి, మనిషి అతిథేయి, దోమ వాహకం.

బోదకాలుకు మందు డీఈసీ. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలుగు చూసింది. ఆ పరిశోధనలకు సారథి, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు పిల్లలందరికీ తెలిసి తీరాల్సిన పేరిది.

డీఈసీ రక్తంలోని మైక్రోఫైలేరియాలను తుడిచిపెడుతుంది. ముదిరిన వాపును మాత్రం తగ్గించలేదు, అప్పటికే నాళాలు దెబ్బతిని ఉంటాయి. వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ఏ లక్షణమూ లేనివారికీ మాత్రలిచ్చేది అందుకే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఇవ్వరు. మిగతావాళ్లు మాత్రలు దాచిపెట్టకుండా, ఏదైనా తిని, సిబ్బంది ముందే మింగాలి.