ఆవం అడుగున ఏముంటది?

ఈ నెల గోడపత్రికకు సైన్సు విషయం రాయమన్నరు. గ్రహాలు, రాకెట్ల గురించి ఎవరో ఒకరు రాస్తనే ఉన్నరు గదా, నేను కుమ్మరి ఆవం గురించి రాస్తున్న. మా పెద్దమ్మ ఇంటి పక్కనే కుమ్మరోళ్ల ఇల్లు. సెలవులకు పోయినప్పుడల్లా అక్కడ కూసుండి చూసిన. ఆ ఇంటి పెద్దయ్య నేను ఎన్ని అడిగినా విసుక్కోలేదు. అందులో సైన్సు ఏముందో మన టీచర్‌ను అడిగి తెలుసుకున్న.

ఆవం అంటే కుండలు కాల్చే జాగ. కొందరు వాము అంటరు. నేను చూసిన దానికి గోడలు లేవు, కప్పు లేదు. నేలను గుండ్రంగ కొంచెం లోతు తీసి అడుగు పరుస్తరు. దాని మీద కట్టెలు, పిడకలు. వాటి మీద కుండలు బోర్లిస్తరు. సందుల్లో మళ్ల పిడకలు కుక్కుతరు. పైన గడ్డి కప్పి, గడ్డి మీద పాత పెంకులు, బూడిద వేసి మూస్తరు. చూసేటోళ్లకు గడ్డి కుప్ప లెక్కనే కనబడతది. లోపల మాత్రం 700 నుంచి 900 డిగ్రీల దాక వేడి పుడతది. మనం అన్నం వండే నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గరనే అని గుర్తు పెట్టుకుంటే ఇది ఎంత వేడో తెలుస్తది.

మనకు కుండ అంటే ఒట్టి కుండ కాదు. పుష్యమాసం అమావాస్య నాడు కేస్లాపూర్‌లో మొదలయ్యే నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు కొత్త కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తరు. ఆ కుండలతో కోనేరు నీళ్లు తెస్తరు. కుండలు పగిలినయని జాతర ఆగదు. మళ్ల మన్ను తెచ్చి, తొక్కి, సారె మీద చేసి, ఆరబెట్టేసరికి ఎన్నో దినాలు పడతయి. అదిగాక అది చలికాలం. జైనూర్ దిక్కు పుష్యంల తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఎట్ల ఉంటదో మీకు తెలిసిందే. నేలంత తడి. మా పెద్దయ్యకు మంట అంటే భయం లేదు, ఈ తడి అంటేనే భయం.

ఎందుకంటే నీళ్లు ఆవిరి అయితే 1,600 రెట్లకు పైగ జాగ కావాలె. ఒక చెంచా తడి మన్నులో ఇరుక్కుని ఒక్కసారి వేడెక్కితే ఎటు పోతది? కుండను పగలగొట్టుకుని పోతది. అందుకే మొదట చాలాసేపు సన్నని సెగనే ఇస్తరు. ఆ టైముల తొందరపడితే లోపల ఠప్ ఠప్ మని సప్పుడు వస్తది. ఆ సప్పుడు వస్తే పెద్దమ్మ వాళ్ల ఇంట్లో కూడ ఎవరూ మాట్లాడరు. నెల రోజుల కష్టం గదా.

కంటికి కనబడే తడి పోయినంక కూడ మన్నులో ఇంకో నీరు దాగి ఉంటది. అది మన్నుతో రసాయనికంగా కలిసిన నీరు. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్యన అది పోతది. అది పోయినంక ఆ మన్ను మళ్ల నీళ్లలో వేసినా బురద కాదు. అప్పుడే అది కుండ అయినట్టు. ఆ దారిలోనే 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువు ఒక్కసారి ఉబ్బుతది. చల్లారేటప్పుడు అదే దగ్గర మళ్ల ముడుచుకుంటది. కుండ మన్నులో ఇసుక ఉంటది కాబట్టి ఈ మెట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగ పోవాలె.

ఇప్పుడు అసలు సంగతి, అడుగు. మంట పైకి లేస్తది, మనం పైకే చూస్తం. కింద నేల కూడ వేడెక్కుతదని ఎవరు అనుకుంటరు? నేలలో తడి ఉంటే అది ఆవిరై అడుగు వరుస కుండలకు తగులుతది. అవి సగం కాలుతయి, లేకపోతే పగులుతయి. పైగ మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతది, ఎండితే పర్రెలు ఇస్తది. అట్లాంటి నేల మీద కుండలు పేరిస్తే మధ్యల నేల కుంగి వరుస ఒరుగుతది. అందుకే పెద్దయ్య ముందు రోజే ఆ గుంతల చిన్న మంట వేసి నేలను ఎండబెడతడు. తర్వాత ఇసుక, దాని మీద బూడిద, దాని మీద పాత కుండ పెంకులు పరుస్తడు. ఇసుక వదులుగ ఉంటది, ఏ రేణువుకారేణువు ఉబ్బినా పగలడానికి అక్కడ ఏమీ లేదు. బూడిద వేడిని కిందికి పోనియ్యదు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడతది, ఆవిరి బయటికి పోతది.

“మంటను ఒకసారి చూసిందే మంట కింద పండుకోవాలె బిడ్డా” అన్నడు పెద్దయ్య. పెంకులు ఒకసారి కాలినవే, వాటిలో పోవాల్సిన నీరు ముందే పోయింది. బూడిదా అంతే.

వాగు రాళ్లు మాత్రం వేయొద్దు. వాటి సందుల్లో నీరు ఇరుక్కుని ఉంటది, వేడికి పేలుతయి. తడి రాళ్లతో పొయ్యి పెట్టినోళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. సున్నపు రాయి ఇంకా మోసం చేస్తది. 800, 900 డిగ్రీలకు అది కాలి సున్నం అవుతది. ఆ రోజు ఏం కాదు. తర్వాత గాలిలో తడి పీల్చుకుని ఉబ్బుతది. రేగడిలో తెల్లటి సున్నపు గడ్డలు ఉంటయి చూడండి, అవి కుండ మన్నులో కలిస్తే అమ్మిన కుండ కూడ కొన్ని రోజులకు పెచ్చులూడుతది.

సిమెంటు సంగతి కూడ చెప్పాలె. మా పెద్దమ్మ ఊర్లోనే ఇంకొక ఇంట్లో, ఆవం అడుగు నున్నగ ఉంటే మంచిదని ఒకాయన సలహా చెప్పిపోయిండట. మిగిలిన సిమెంటుతో గచ్చు పోసిండ్రు. చూడటానికి బాగుండె. సిమెంటు గట్టిపడేదే నీళ్లను తనలో కలుపుకుని గదా, వేడికి ఆ నీరు బయటపడింది. గచ్చు పేలి ముక్కలు లేచి అడుగు వరుస కుండలకు తగిలినయి. అడుగున పెట్టేవి పెద్ద కుండలు, ఎక్కువ ధర వచ్చేవి అవే. ఆ ఇంటి అక్క ఆ వారం అంగడికి పోలేదు. సలహా ఇచ్చినాయన మళ్ల కనబడలేదట. గచ్చు తవ్వి తీసేసిండ్రు, ఆ పగిలిన కుండల పెంకులే కొత్త అడుగుకు పనికొచ్చినయి.

మరి ఇంకా ఎక్కువ వేడి పెట్టేటోళ్లు లేరా అంటే ఉన్నరు. హరప్పా కాలంలోనే కింద పొయ్యి, మధ్యల రంధ్రాలున్న మట్టి గచ్చు, దాని మీద కుండలు పెట్టే బట్టీలు ఉండె. జపాన్‌లో అనగామ అనే పొడుగాటి బట్టీలో కట్టెలతోనే రోజుల తరబడి కాల్చి 1,200 డిగ్రీలు దాటిస్తరు. అంత వేడికి మన ఎర్ర ఇటుక మెత్తబడి కుంగుతది. కట్టెల బూడిద కూడ కరిగి ఇసుకతో కలిసి గాజు అయితది, కుండలను అడుగుకు అతికిస్తది. అందుకే అటువంటి చోట ఫైర్ క్లే అనే మన్నుతో చేసిన ఇటుకలు వాడి, పైన ఇసుక పరుస్తరు. ఫైర్ క్లే బొగ్గు పొరల దగ్గర దొరుకుతది. ఆ బొగ్గు ఉన్న రాళ్లను భూగోళ శాస్త్రంలో గోండ్వానా రాళ్లు అంటరు. అది మన గోండుల పేరు మీదనే వచ్చింది, పరీక్షలో అడగకపోయినా గుర్తు పెట్టుకోండి!

అయితే ఎక్కువ వేడి అంటే ఎక్కువ మంచి కుండ అని నేను ఒప్పుకోను. 1,200 డిగ్రీలకు కాలిన కుండలో సన్న రంధ్రాలు మూసుకుపోతయి. నీరు చెమర్చదు, చల్లగ కాదు. ఎండాకాలం మనకు కావాల్సింది చెమర్చే కుండ. కాబట్టి మంట పెంచుడు ఎంత ముఖ్యమో ఆపుడు కూడ అంతే.

ఎప్పుడు ఆపాలె? పెద్దయ్య దగ్గర థర్మామీటరు లేదు. సందులోంచి కుండ రంగు చూస్తడు. నల్లెరుపు ఉంటే 600, 700 డిగ్రీలు. చెర్రీ పండు ఎరుపు అయితే 800 దగ్గర. నారింజ రంగుకు తిరిగితే 900 దాటింది. పొద్దుగూకినంకనే రంగు సరిగ్గ తెలుస్తదని ఆయన సాయంత్రమే ఆవం ముట్టిస్తడు. పత్తికట్టె, కందికట్టె లాంటి సన్న కట్టెలు ఆఖరుకు దాస్తడు, అవి భగ్గున మండి వేడిని ఒక్క మెట్టు పైకి లేపుతయి.

తర్వాత ముట్టుకోరు. చలిగాలి తగలకుండ బూడిద ఇంకా కప్పుతరు. పక్క రోజు పైపెంకు మీద చెయ్యి పెట్టి చూస్తరు, కాలితే మళ్ల మూస్తరు. కింది వరుస అన్నిటికంటే ఆఖరుకు తీస్తరు, ఇసుక బూడిదల మీద ఉన్న వేడి అంత తొందరగ పోదు.

మీ ఊర్లో ఆవం అడుగున ఇంకేమన్న వేస్తే నాకు చెప్పండి. వచ్చే నెల పత్రికలో రాస్త.