రాక్షసగుళ్ళను కట్టినదెవరు?

నల్లమల అంచున గట్టువారగా నిలిచియున్న నాలుగుబండల గూడును చూపి అదేమని అడిగినచో, పశువులకాపరి సైతము తడుముకొనక చెప్పును: అది రాక్షసగుడి. వేరొకడు పాండవులగుడి యనును. గూటి ప్రక్కబండకు గుండ్రని రంధ్రముండిన, అందు దూరగలవారు జానెడు మనుష్యులే యని ఇంకొకరి ఊహ. కన్నడదేశమున హిరేబెణకల్లు గూళ్ళను నేటికిని మరుగుజ్జుల యిండ్లనియే చెప్పుకొందురు.

ఈ కథలను విని నవ్వి ఊరకుండుట న్యాయముకాదని మా యభిప్రాయము. ఇంత బరువును మనవంటివారు ఎత్తలేరు. ఇంత చిన్నవాకిట మనవంటివారు దూరలేరు. కథలు పుట్టినది ఈ రెండు పరిశీలనలనుండియే. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ళను మెర్లిన్ అను మాంత్రికుడు తెచ్చి నిలిపెనని అచటి మధ్యయుగ గ్రంథకర్తయు వ్రాసెను గదా.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున సురపుర సంస్థానమందు బ్రిటిషు అధికారిగానుండిన మెడోస్ టేలర్ ఇట్టి గూళ్ళను త్రవ్వించి, ఐరోపాలోని కెల్టుల సమాధులతోను, సిథియనుల సమాధులతోను పోల్చెను. రాక్షసుడు పోయి సిథియనుడు వచ్చెను. ఇచటి రైతు మాత్రము రాలేదు! 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరియందు పొరపొరగా త్రవ్వించిన పిమ్మట విషయము కొంత తేటపడినది. రాతిగొడ్డళ్ళవారి పొరకు పైన, శాతవాహనకాలపు పొరకు క్రింద ఈ సమాధులవారి పొర కనబడెను. ఇనుప పనిముట్లును, లోపల నలుపు వెలుపల ఎరుపుగల కుండలును వారి గుర్తులు. దక్షిణదేశమున వీరి కాలము క్రీస్తునకు పూర్వము వేయిసంవత్సరములకు పైబడి మొదలయినదని నేటి పండితుల అంచనా.

కట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు మార్కాపురమువారు ఇతరులకన్న సులువుగా సమాధానము చెప్పగలరు. ఒకప్పుడు దేశమంతట బడిపిల్లల చేతికి పలకల నందించిన ఊరది. ఆ రాయి పొరలుగా పుట్టినది. పొరసందున ఉలి నిలిపి తట్టినచో తనంతట విచ్చుకొనును. బండ నునుపుగా నుండుటకు మంత్రము అక్కరలేదు, రాతి స్వభావము తెలిసిన చేయి చాలును. పొరలులేని నల్లరాతికి వేరుదారి కలదు. గీతవెంబడి మంటపెట్టి కాచి, పైన నీరుపోసిన బీటవారును. వరుసగా తొలిచిన గుంటలలో ఎండుకొయ్యచీలలు బిగించి తడిపినను, అవి ఉబ్బి బండను చీల్చును.

మూడుమీటర్ల నిడివి, రెండుమీటర్ల వెడల్పు, పావుమీటరు మందము గల కప్పుబండను తలచుకొందము. దాని బరువు సుమారు నాలుగుటన్నులు. కొయ్యబండిపై కట్టి మోకులతో లాగుటకు నలుబదియేబదిమంది చాలుదురు. నాగా పర్వతములలో ఇటీవలివరకు పెద్దరాళ్ళను ఇట్లే లాగినారు. నిలువుబండలకు ఆనించి మట్టి ఏటవాలుగా పోసి, దానిమీదుగా కప్పుబండను లాగి, తరువాత మట్టిని తీసివేసియుందురు. కంభము చెరువుకట్టపై ఒక్కసారి నడచినవారికి, గంపలతో మోసిన మట్టి యెంతపని చేయగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

కట్టుట ఎందుకన్నది ఇంతకన్న చిక్కుప్రశ్న. గూళ్ళలో దొరకునవి తరచుగా పూర్తి కళేబరములు కావు. పలువురి యెముకలు, ఏరితెచ్చి పేర్చినవి. అనగా మరణమొకనాడు, రాతికట్టడము మరియొకనాడు. నడుమ ఎన్నిదినములో, ఎన్నియేండ్లో. రంధ్రము ప్రాణము పోవుటకని కొందరు, పిమ్మట చనిపోయినవారి యెముకలను చేర్చుటకని కొందరు అందురు. మాకు రెండవదే సమంజసముగా తోచుచున్నది. కోరాపుట్టు గదబలు మృతులకై కొన్నియేండ్లకొకమారు బంధుగణమును పిలిచి, దున్నలను బలియిచ్చి, రాళ్ళు నిలుపుదురని హైమెండార్ఫ్ పండితుడు 1943లో ప్రకటించెను. రాయి చనిపోయినవానికొరకే కాదు. దానిని లాగిన చేతులన్నియు ఒక్క కులమువి, ఒక్క నేలవి అని చాటుటకు గూడ.

మరి ఆ నేల ఏది? 1952లో కె. వి. సౌందరరాజన్ ప్రకటించిన గిద్దలూరు ప్రాంతపు రాతిపనిముట్లను చూచినచో, మానవుడు ఇచట అనేక సహస్రాబ్దులు వేటాడి తిరిగెనని తెలియును. అతడు గూడు కట్టలేదు. కట్టినది ఇనుము తెలిసిన తరువాతివాడు. వారు సంచారులైన పశుపాలకులని లెష్నిక్ 1974లో వాదించెను. ఈ సమాధులు సాగుకు పనికిరాని రాతినేలపై, తడినేలలకు చేరువలో నుండుటను బట్టి వారు వ్యవసాయకులని శ్రీనివాసన్, బెనర్జీలు 1953లోనే చూపియుండిరి. గట్టు, గట్టుక్రింద గరుగు, గరుగుక్రింద మాగాణి అను ఈ సీమ పొందిక నెరిగిన మేము రెండవవాదము వైపే మొగ్గుచున్నాము. పంటనేలను కాపాడుకొనువాడే దానిప్రక్క తాతలను నిలుపును.

ఈ ఆచారము బౌద్ధస్తూపములలో కొనసాగెనని మరియొక సిద్ధాంతము కలదు. ధాతువును దాచి, పైన దిబ్బపోసి, చుట్టును రాయి నిలుపుట రెండింటికిని సమానము. అమరావతి స్తూపముచెంత అలెగ్జాండర్ రీ ఇరువదవ శతాబ్ది ఆరంభమున జరిపిన త్రవ్వకములలో అస్థికుండలు దొరకినవి. మన పడమటిసీమలో దొనకొండకు చేరువ, గుండ్లకమ్మ యొడ్డున చందవరపు స్తూపము కలదు. దానిని 1964లో వేలూరి వెంకటకృష్ణశాస్త్రి కనుగొనగా, 1972 మొదలు 1977 వరకు త్రవ్వకములు జరిగినవి.

ఈ సిద్ధాంతములలో ఏది నిలుచునో తేల్చునది గూటియడుగున ఎముక యెచట, కుండ యెచట అన్న పొందిక మాత్రమే. గుప్తనిధి యాసతో గడ్డపార వేసినవానికి అందు దొరకునది తుప్పుపట్టిన ఇనుము, పగిలిన కుండ. పోవునది ఆ పొందిక. చందవరమునుండి దొంగలెత్తుకొనిపోయిన శిల్పఫలకమొకటి ఆస్ట్రేలియా జాతీయ కళాశాల చేరి, 2016లో భారతదేశమునకు తిరిగివచ్చినది. చెక్కడమున్న పలక గనుక దాని యూరు గుర్తింపనయ్యెను. చెక్కడములేని కప్పుబండ ఎవరి యింటనో గడపరాయిగా మారినచో, అది ఏ గట్టుదో చెప్పుటకు ఆధారమేదియు మిగులదు.